రోజర్ నుంచి కాన్‌స్టన్స్ దాకా: సిసిలీ నార్మన్ రాజుల ఊళ్లలో మా ప్రయాణం

ఇటలీకి దక్షిణాన ఉన్న సిసిలీ ద్వీపానికి రాజధాని పలెర్మో. అక్కడికి వెళ్లేవాళ్లలో ఎక్కువమంది మొదట రాజభవనానికి వెళ్తారు. నన్నడిగితే ముందు కెథడ్రల్‌కి వెళ్లమంటాను. గుడి లోపలికి ప్రవేశం ఉచితమే, రాజుల సమాధులున్న భాగానికి మాత్రం టికెట్ తీసుకోవాలి. చాలామంది ఆ టికెట్ దగ్గరే వెనక్కి తిరుగుతారు. మీరు తిరగకండి. ముదురు ఎరుపు పోర్ఫిరీ రాతి సమాధులు, వాటిపై స్తంభాల పందిళ్లు. రాజు రెండో రోజర్, ఆయన కూతురు కాన్‌స్టన్స్, ఆమె భర్త జర్మన్ చక్రవర్తి ఆరో హెన్రీ, వాళ్ల కొడుకు రెండో ఫ్రెడరిక్. తండ్రి, కూతురు, అల్లుడు, మనవడు. మరి రోజర్‌కీ కాన్‌స్టన్స్‌కీ మధ్య సింహాసనం ఎక్కినవాళ్లేరి? మొదటి విలియం, రెండో విలియం ఏడెనిమిది కిలోమీటర్ల దూరంలో మొన్రెయాలె కొండమీద ఉన్నారు. తాంక్రెడ్ ఇక్కడా లేడు, అక్కడా లేడు. ఎవరు ఎక్కడున్నారు, ఎందుకున్నారు అని అడుగుతూ పోతే ఈ వంశంలో వారసత్వం ఎలా నడిచిందో, ఎక్కడ తెగిందో తెలుస్తుంది. మేం ఆ వరసలోనే ఊళ్లు తిరిగాం.

ముందు కాస్త వెనక కథ చెప్పాలి. ఈ నార్మన్లు ఫ్రాన్స్ ఉత్తర తీరంలోని నార్మండీ నుంచి వచ్చినవాళ్లు. 1066లో ఇంగ్లండ్ గెలిచిన విలియం కూడా నార్మనే కానీ ఆ కుటుంబం వేరు. వీళ్లది ఓట్‌విల్ వంశం. తాంక్రెడ్ ద ఓట్‌విల్ (పైన చెప్పిన రాజు తాంక్రెడ్ కాదు, ఆయన పూర్వీకుడు) అనే చిన్న భూస్వామికి ఇద్దరు భార్యల వల్ల పన్నెండుమంది కొడుకులు. ఉన్న కాస్త భూమిని అంతమంది పంచుకుంటే ఎవరికీ ఏమీ మిగలదు. అందుకని ఒకరి వెనక ఒకరు దక్షిణ ఇటలీ దారి పట్టి, డబ్బు తీసుకుని యుద్ధాలు చేసే సైనికులుగా మొదలుపెట్టి, చివరికి తామే ప్రభువులయ్యారు. వాళ్లలో రాబర్ట్ గిస్కార్డ్, అందరికన్నా చిన్నవాడైన రోజర్ కలిసి 1061లో మెస్సీనా, 1072లో పలెర్మో అరబ్ పాలకుల నుంచి తీసుకున్నారు. ద్వీపంలో చివరిగా 1091లో నోటో లొంగింది.

ఈ మొదటి రోజర్‌కి రాజు బిరుదు లేదు, కౌంట్ మాత్రమే. ఆయన 1101లో పోయాడు. కొడుకు సైమన్ 1105లో చిన్నతనంలోనే చనిపోవడంతో తొమ్మిదేళ్ల తమ్ముడు రెండో రోజర్ వారసుడయ్యాడు. 1112 వరకూ పాలన చూసింది వాళ్లమ్మ అడెలైడ్. 1109లో ఆమె పేరుతో గ్రీకు, అరబిక్ భాషల్లో వెలువడిన ఒక ఆజ్ఞాపత్రం పలెర్మో ప్రభుత్వ పత్రాల భాండాగారంలో ఉంది. తేదీ ఉన్న కాగితం పత్రాల్లో యూరప్‌లో మిగిలిన అతి పాతవాటిలో దాన్ని చెబుతారు. ఈ వంశాన్ని పసితనంలో నిలబెట్టింది ఒక తల్లి అన్న సంగతి నాకు చాలా ముఖ్యంగా అనిపించింది. ఎందుకంటే తర్వాత కూడా రాజ్యం చేతులు మారిన ప్రతి క్లిష్ట సమయంలో ఒక స్త్రీ కనిపిస్తుంది.

ఇక ప్రయాణం. హైదరాబాద్ నుంచి పలెర్మోకి నేరుగా విమానం లేదు. మేం రోమ్‌లో దిగి అక్కణ్నుంచి ఇంకో విమానం ఎక్కాం. షెంగెన్ వీసా ఉంటే చాలు. విమానాశ్రయం ఊరికి 35 కిలోమీటర్ల దూరంలో సముద్రం ఒడ్డున ఉంటుంది. సెంట్రల్ స్టేషన్‌కి రైలూ ఉంది, బస్సూ ఉంది. సామాను ఎక్కువుంటే బస్సే నయం, ఊరి మధ్యలో ఆగుతూ పోతుంది. టాక్సీ తీసుకుంటే ధర ముందే మాట్లాడుకోండి.

బస విషయంలో మేం రెండు రకాలూ చూశాం. మొదట స్టేషన్ దగ్గర హోటల్ తీసుకున్నాం. గది శుభ్రంగా ఉంది, లిఫ్ట్ ఉంది, పొద్దున టిఫిన్ బాగానే పెట్టారు. కానీ చూడాల్సినవన్నీ అవతలి వైపు. సాయంత్రం అలసిపోయాక మళ్లీ అంత దూరం నడవాల్సి వచ్చేది. తర్వాత కొర్సో విత్తోరియో ఎమాన్యుయెలె వీధికి దగ్గర్లో, పాత భవనంలోని బి అండ్ బికి మారాం. ఎత్తైన పైకప్పు, రంగులు వేసిన పాత గచ్చు, బాల్కనీలోంచి గుడి గోపురాలు. అందం అంతా ఉంది. లిఫ్ట్ మాత్రం లేదు. పెద్ద సూట్‌కేసులు మూడో అంతస్తుకు మోసేసరికి నడుము పట్టేసింది. ఫొటోల్లో చూపించిన వంటపొయ్యి పనిచేయలేదు, అడిగితే రేపు బాగుచేస్తామన్నారు, చేయలేదు. బుక్ చేసినప్పుడు కట్టిన డబ్బుకు తోడు ఊరి పర్యాటక పన్ను విడిగా అడుగుతారు, అది అన్నిచోట్లా మామూలే. ఇన్ని ఉన్నా మళ్లీ వెళ్తే ఆ వైపే ఉంటాను. కెథడ్రల్, రాజభవనం, మార్తోరానా గుడి అన్నీ నడిచి వెళ్లేంత దగ్గర. అమ్మానాన్నలను తీసుకెళ్తుంటే మాత్రం లిఫ్ట్ ఉందో లేదో అడక్కుండా బుక్ చేయకండి. బల్లారో మార్కెట్‌ను ఆనుకుని ఉన్న గదుల జోలికి పోవద్దు. రాత్రి చాలాసేపటివరకూ పాటలు, పొద్దున్నే బండ్ల చప్పుడు, నిద్ర ఉండదు.

రాజభవనంలో ఇప్పుడు సిసిలీ శాసనసభ నడుస్తుంది. అందుకే సభ ఉండే వారం మధ్య రోజుల్లో పైనున్న రాజుల గదులు సాధారణంగా మూసేస్తారు. శుక్రవారం నుంచి సోమవారం మధ్యలో వెళ్తే అవీ చూడొచ్చు, టికెట్ ధర ఆ రోజుల్లో ఎక్కువ. ఆ ఎక్కువ డబ్బు పెట్టడం సబబే అని నా అభిప్రాయం. ఆదివారం ఉదయం ప్రార్థన వేళ చాపెల్‌లోకి సందర్శకులను రానివ్వరు. గేటు దగ్గర బ్యాగుల తనిఖీ ఉంటుంది, క్యూ మెల్లగా కదులుతుంది. ద్వారం తెరిచే వేళకే వెళ్తే లోపల కాస్త ఊపిరి పీల్చుకునే చోటు దొరుకుతుంది.

కప్పెల్లా పలతీనా అనే ఆ రాజ చాపెల్ గురించి ఎంత చెప్పినా తక్కువే. రెండో రోజర్ 1130 డిసెంబర్ 25న పలెర్మోలో రాజుగా పట్టాభిషేకం చేసుకున్నాడు. అప్పుడు రోమ్‌లో ఇద్దరు పోప్‌లు పోటీ పడుతున్నారు. రోజర్‌కి కిరీటం ఇచ్చింది అందులో ఓడిపోయిన అనక్లేటస్. గెలిచిన ఇన్నొసెంట్ ఈయన్ను రాజుగా ఒప్పుకోలేదు. 1139లో సైన్యంతో మీదికి వచ్చిన ఇన్నొసెంట్‌ను రోజర్ కొడుకు బంధించాడు. ఆ తర్వాత గానీ పోప్ నోటివెంట ‘రాజు’ అన్న మాట రాలేదు. అంటే ఈ రాజ్యం పుట్టిననాటి నుంచే ‘నీకు కిరీటం ఎవరిచ్చారు’ అనే ప్రశ్న వెంటాడింది. చాపెల్ కట్టింది సరిగ్గా ఆ ఏళ్లలోనే. గుమ్మటంలోని గ్రీకు శాసనం మీద 1143 అని ఉంది. గోడల మీద బైజాంటియమ్ (కాన్‌స్టాంటినోపుల్ కేంద్రంగా ఉన్న గ్రీకు సామ్రాజ్యం) పద్ధతిలో చిన్న చిన్న ముక్కలు అతికించి చేసిన బంగారు మొజాయిక్‌ బొమ్మలు, నేలంతా రంగురాళ్ల అల్లిక. తలెత్తి చూస్తే తేనెపట్టులా గూళ్లు గూళ్లుగా చెక్కిన అరబ్ కళాకారుల చెక్క పైకప్పు. దానిమీద వాద్యాలు వాయించేవాళ్లు, నాట్యకత్తెలు, చదరంగం ఆడేవాళ్లు, అరబిక్‌లో శుభం కోరే మాటలు. క్రైస్తవ రాజు ప్రార్థించే చోట ఇదంతా! భవనంలో 1142 నాటి ఒక రాతిపలక ఉంది, రోజర్ చేయించిన నీటి గడియారం గురించి. లాటిన్, గ్రీకు, అరబిక్ మూడు భాషల్లో ఉంటుంది. ఆడియో గైడ్ పరవాలేదు, కానీ పైకప్పు గురించి చాలా తక్కువ చెబుతుంది. లైసెన్సున్న గైడ్‌ను మాట్లాడుకుని ఇక్కడ ఒక్కచోటైనా దగ్గరుండి చూపించుకోండి. చిన్న బైనాక్యులర్ ఉంటే తీసుకెళ్లండి, పైకప్పు బొమ్మలు మామూలు కంటికి అందవు.

పైనున్న ‘రోజర్ గది’ పేరుకే రోజర్‌ది. అందులోని చిరుతలు, నెమళ్లు, విలుకాళ్ల మొజాయిక్‌లు కొడుకు మొదటి విలియం కాలంవి. చిన్న గదే కానీ రాజుల కొలువు వైభవం ఊహించుకోవడానికి ఇంతకన్నా మంచి చోటు లేదు. పక్కనే ఉన్న సాన్ జొవాన్ని దెలి ఎరెమితి ఎర్రగుమ్మటాల గుడి లోపల ఖాళీ. తోట బాగుంటుంది, ఎండలో కాసేపు కూర్చోవడానికి సరే.

మార్తోరానా గుడిని మాత్రం వదలొద్దు. రోజర్ నౌకాసేనాధిపతి, అంతియొక్ నుంచి వచ్చిన జార్జ్ అనే గ్రీకు క్రైస్తవుడు దీన్ని 1143 ప్రాంతంలో కట్టించాడు. ఇప్పటికీ ఇక్కడ అల్బేనియా మూలాలున్న కాథలిక్కుల బైజాంటిన్ పద్ధతి పూజలు జరుగుతాయి. ప్రవేశద్వారం దగ్గర గోడమీద ఒక మొజాయిక్: క్రీస్తు స్వయంగా రోజర్ తలమీద కిరీటం పెడుతున్నాడు. పైన గ్రీకు అక్షరాల్లో ‘రొగేరియోస్ రెక్స్’. రోజర్ ఒంటిమీద కాన్‌స్టాంటినోపుల్ చక్రవర్తి దుస్తులు. పోప్ లేడు, మతాధికారి లేడు, మధ్యవర్తి ఎవరూ లేరు. కిరీటం ఎవరిచ్చారన్న ప్రశ్నకు రోజర్ చెప్పుకున్న జవాబు అదే. ఆ బొమ్మ ముందు నేను చాలాసేపు నిలబడ్డాను. పక్కనే మూడు ఎర్రగుమ్మటాల సాన్ కతాల్దో ఉంది. దానికి టికెట్ వేరు. లోపల వట్టి రాతిగోడలే. దాన్ని కట్టించిన మయో అనే మంత్రి కథ తెలిస్తేనే అది మనసుకు పడుతుంది, ఆ సంగతికి తర్వాత వస్తాను.

రోజర్ తన సమాధి కోసం ఎంచుకున్న ఊరు పలెర్మో కాదు, చెఫలూ. పలెర్మో నుంచి తీరం వెంబడి రైల్లో గంట ప్రయాణం. రైళ్లు తరచూ ఉంటాయి, ముందే బుక్ చేయక్కర్లేదు. కాగితం టికెట్ తీసుకుంటే ప్లాట్‌ఫాం దగ్గర మెషీన్‌లో ముద్ర వేయించుకోవాలి, లేకపోతే జరిమానా. స్టేషన్ నుంచి కెథడ్రల్‌కి పావుగంట నడక. తలమీద పెద్ద కొండ, దాని కింద రెండు బురుజుల గుడి, అవతల సముద్రం. 1131లో కట్టడం మొదలైంది. తుఫానులో ఓడ మునగబోతే బతికి ఒడ్డున పడినచోట గుడి కడతానని రోజర్ మొక్కుకున్నాడని స్థానికులు చెబుతారు. 1148 నాటి క్రీస్తు మొజాయిక్ గర్భగుడి అర్ధగోళం నిండా ఉంది. చేతిలో తెరిచిన గ్రంథం, ఒక పేజీ గ్రీకులో, ఇంకో పేజీ లాటిన్‌లో.

1145లో రోజర్ ఈ గుడికి రెండు పోర్ఫిరీ సమాధులు ఇచ్చాడు, ఒకటి తనకోసం. ఆయన మాట నెరవేరలేదు. 1154లో చనిపోతే పలెర్మోలోనే ఉంచేశారు. 1215లో మనవడు ఫ్రెడరిక్ ఆ రెండు ఖాళీ సమాధులనూ పలెర్మోకి తెప్పించాడు, అందులో ఒకదాంట్లో తానే ఉన్నాడు. తాత తనకోసం చేయించుకున్న రాతిలో మనవడు పడుకున్నాడు, తాత మామూలు పలకల సమాధిలో ఉన్నాడు. కెథడ్రల్‌లో ఇది చెప్పే బోర్డు మాకు కనిపించలేదు, చెఫలూ వెళ్లొస్తేనే అర్థమవుతుంది. కాబట్టి చెఫలూ చూశాక కెథడ్రల్‌కి ఇంకోసారి వెళ్లడం మంచిది.

చెఫలూలో ఒక రాత్రి ఉండండి. పగలు వచ్చి పోయే జనం సాయంత్రం రైలెక్కగానే ఊరు నెమ్మదిస్తుంది. మేం ఉన్న చిన్న హోటల్ పెద్దావిడకు ఇంగ్లిష్ అంతగా రాదు, అయినా మాంసం తినమని తెలిశాక పొద్దున మాకోసం విడిగా టమాటా, చీజ్, అంజూర పళ్లు పెట్టింది. జూలై, ఆగస్టుల్లో సముద్రస్నానాల జనంతో ధరలు బాగా పెరుగుతాయి. ఏప్రిల్, మే, అక్టోబర్ అయితే హాయి.

ఇక రోజర్ కొడుకుల సంగతి. మొదటి భార్య ఎల్వీరాకు ఐదుగురు కొడుకులు పుట్టారు. 1135లో ఆమె పోయాక రోజర్ పద్నాలుగేళ్లు మళ్లీ పెళ్లి చేసుకోలేదు, వారసులకు కొదవ లేదన్న ధీమా కావచ్చు. తర్వాత వరసగా కొడుకులు పోయారు. పోప్‌ను పట్టుకున్న పెద్దవాడు రోజర్ డ్యూక్ కూడా పోయాక మిగిలింది విలియం ఒక్కడే. కంగారుపడిన రాజు 1149లో ఒకసారి, ఆ రెండో భార్య కూడా చనిపోయాక మళ్లీ ఇంకోసారి పెళ్లి చేసుకున్నాడు. 1151లో పోప్‌ను అడక్కుండానే విలియంకు తన పక్కనే కిరీటం పెట్టించాడు. మూడో భార్య బియాట్రిస్ గర్భంతో ఉండగానే 1154 ఫిబ్రవరిలో కన్నుమూశాడు. తండ్రి పోయాక పుట్టిన ఆ పాపే కాన్‌స్టన్స్.

మొదటి విలియంకు ‘చెడ్డ విలియం’ అని పేరు. ఆ పేరు తర్వాతికాలం వాళ్లు పెట్టింది. ఆ రోజుల చరిత్ర రాసినవాళ్లకు ఆయనంటే గిట్టదు. నిజానికి 1156లో బెనెవెంటోలో పోప్‌తో తండ్రికన్నా మంచి ఒప్పందం చేసుకున్నాడు. పాలన మొత్తం బారీ ఊరి వాడైన మయో చేతిలో పెట్టాడు, ప్రభువులకు అది మంట. 1160 నవంబర్‌లో మయోను పలెర్మో వీధిలో పొడిచి చంపారు. మరుసటేడు మార్చిలో రాజునే సొంత భవనంలో బంధించారు. ఆ గొడవలో పెద్దకొడుకు, పసివాడు రోజర్, బాణం తగిలి చనిపోయాడు. మయో కట్టించిన సాన్ కతాల్దో లోపల అలంకారం ఎందుకు లేదో ఇప్పుడు మీకు తోస్తుంది. పని పూర్తికాకముందే ఆయన పోయాడు.

విలియం చివర్లో జీసా అనే వేసవి భవనం మొదలుపెట్టాడు, కొడుకు పూర్తి చేశాడు. ఊరికి పడమర, రాజభవనం నుంచి నడిస్తే అరగంట. దారి అంత అందంగా ఉండదు, సాయంత్రం చీకటిపడ్డాక కాకుండా పగలే వెళ్లండి. కింది హాల్లో గోడలోంచి నీళ్లు జారి, నేలమీద కాలువగా పారేలా కట్టారు. సముద్రపు గాలి ఎదురుగా వచ్చి ఆ నీళ్లమీదుగా లోపలికి వీచేలా ముఖం పెట్టారు. పైన చిన్న మ్యూజియంలో ఉన్న ఒక సమాధిఫలకం చూడకుండా రావద్దు. గ్రిసాండస్ అనే రాజపురోహితుడు తన తల్లి అన్నా కోసం వేయించినది, 1149 నాటిది. లాటిన్, గ్రీకు, అరబిక్, హీబ్రూ లిపిలో అరబిక్, నాలుగు రకాలుగా ఒకే తల్లిని తలుచుకున్నాడు. జనం తక్కువ, టికెట్ ధర తక్కువ, సిబ్బంది ఓపిగ్గా చూపించారు. మాకు పలెర్మోలో అన్నిటికన్నా సంతృప్తి ఇచ్చిన టికెట్ ఇదే.

మొన్రెయాలె రెండో విలియం ఊరు. రాజభవనం దగ్గరి పియాత్సా ఇందిపెందెన్సా నుంచి బస్సులున్నాయి. సిటీ బస్సు కోసం మేం చాలాసేపు ఎండలో నిలబడ్డాం, బోర్డు మీద వేసిన టైముకు రాలేదు, వచ్చినదాంట్లో కాలు పెట్టే చోటు లేదు. తిరిగి వచ్చేటప్పుడు టాక్సీ పంచుకుని వచ్చేశాం. నలుగురుంటే టాక్సీయే మేలు. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు వేసుకోండి, ఇక్కడ పట్టింపు ఉంది.

1166లో తండ్రి పోయేనాటికి రెండో విలియంకు పన్నెండేళ్లు. తల్లి, నవార్ రాజకుమారి మార్గరెట్, ఐదేళ్లు రాజ్యం నడిపింది. పెద్దవాడయ్యాక 1170ల్లో ఈ గుడి మొదలుపెట్టాడు. ఆరువేల చదరపు మీటర్లకు పైగా బంగారు మొజాయిక్. ఒకచోట క్రీస్తు విలియంకు కిరీటం పెడుతున్నాడు, తాత మార్తోరానాలో పెట్టించుకున్నట్టే. ఎదుటివైపు విలియం గుడి నమూనా చేతుల్లో పట్టుకుని మేరీమాతకు ఇస్తున్నాడు. పక్కన మఠం ప్రాంగణంలో జంటలుగా నిలిపిన 228 స్తంభాలు, ఒక్కోదాని తల ఒక్కో తీరు. వాటిలో ఒకదానిమీద కూడా గుడి చేతబట్టుకున్న విలియం ఉన్నాడు, వెతికి చూడండి. గర్భగుడి గోడమీది సాధువుల్లో థామస్ బెకెట్ ఉన్నాడు. 1170లో ఇంగ్లండ్ రాజు రెండో హెన్రీ మనుషుల చేతిలో చనిపోయిన బిషప్ ఈయన. 1177లో విలియం పెళ్లాడిన జోన్ ఆ హెన్రీ కూతురే. మామగారికి అంత అపకీర్తి తెచ్చిన హత్య తాలూకు సాధువును అల్లుడు తన గుడిలో పెట్టాడు!

చూడ్డానికి మొన్రెయాలె చెఫలూకన్నా, పలతీనా చాపెల్‌కన్నా ఎంతో పెద్దది. నాకు మాత్రం మిగతా రెండే ఎక్కువ నచ్చాయి. ఇక్కడి గోడలు మొత్తం కథలతో నిండి, కన్ను ఎక్కడా ఆగదు. అయినా రావాల్సిందే, సమాధుల కోసం. మొదటి విలియం పోర్ఫిరీ సమాధిలో, పక్కన రెండో విలియం తర్వాతి శతాబ్దాల్లో చేసిన తెల్లరాతి సమాధిలో. ఇంకోవైపు మార్గరెట్, చిన్నతనంలోనే పోయిన ఆమె ఇద్దరు కొడుకులు రోజర్, హెన్రీ. ఒక ఇంటి వాళ్లందరూ ఇక్కడ ఉన్నారు. లేనిది రెండో విలియం బిడ్డ. ఆయనకు వారసులు లేరు.

1184లో విలియం తన మేనత్త కాన్‌స్టన్స్‌ను జర్మన్ చక్రవర్తి కొడుకు హెన్రీకి ఇవ్వడానికి ఒప్పుకున్నాడు. మేనత్త అంటే పెద్దావిడ కాదు, మేనల్లుడికన్నా దాదాపు ఏడాది చిన్నది. తనకు పిల్లలు లేకుండా పోతే ఆమెనే వారసురాలిగా ఒప్పుకుంటామని ప్రభువులతో ప్రమాణం చేయించాడు. అప్పటికి ఆయనకు ముప్ఫై దాటింది, జోన్‌కు ఇరవై నిండలేదు. పిల్లలు పుడతారనే అనుకుని ఉంటాడు. 1189 నవంబర్‌లో హఠాత్తుగా చనిపోయాడు. సిసిలీ వాళ్లు జర్మన్ అల్లుడి పాలన వద్దనుకున్నారు. రోజర్ డ్యూక్‌కు పెళ్లి కాని సంబంధంలో పుట్టిన తాంక్రెడ్‌ను 1190 జనవరిలో రాజును చేశారు. వయసులో, అనుభవంలో లోటు లేదు, లోటల్లా పుట్టుకలోనే. ఆ ఏడాదే క్రూసేడ్‌కి పోతూ ఇంగ్లండ్ రాజు రిచర్డ్ మెస్సీనాలో దిగి, చెల్లెలు జోన్‌నూ ఆమె సొమ్మునూ ఇవ్వమని ఊరిని కొల్లగొట్టాడు. మెస్సీనా కూడా వెళ్దామని అనుకునేవాళ్లకు ఒక మాట: 1908 భూకంపంలో ఊరు నేలమట్టమైంది, నార్మన్ కాలానివి చిన్న గుళ్లు తప్ప పెద్దగా లేవు. మేం పడవ ఎక్కడానికి తప్ప ఆగలేదు.

1191లో కాన్‌స్టన్స్ సాలెర్నోలో తాంక్రెడ్ మనుషులకు చిక్కింది. పోప్ జోక్యంతో మరుసటేడు విడిచిపెట్టారు. 1193 చివర్లో తాంక్రెడ్ పెద్దకొడుకు, 1194 ఫిబ్రవరిలో తాంక్రెడ్ పోయారు. మిగిలింది పసివాడు మూడో విలియం. ఆ ఏడాది డిసెంబర్ 25న హెన్రీ పలెర్మోలో కిరీటం పెట్టుకున్నాడు, రోజర్ పట్టాభిషేకానికి సరిగ్గా అరవై నాలుగేళ్లకు. మర్నాడు ఇటలీ మధ్యలోని యేజీ ఊళ్లో నలభై ఏళ్ల కాన్‌స్టన్స్ ఫ్రెడరిక్‌ను కన్నది. కొద్ది రోజులకే తాంక్రెడ్ కుటుంబాన్ని బంధించి జర్మనీకి పంపించారు. పిల్లవాడు విలియం తిరిగి రాలేదు. తాంక్రెడ్ పక్షం వహించిన మతేయో దజెల్లో అనే మంత్రి 1191లో కట్టించిన మజోనె గుడి పలెర్మోలో ఇంకా ఉంది. తాంక్రెడ్ వైపు నిలిచారని హెన్రీ అక్కడి సన్యాసులను వెళ్లగొట్టి, 1197లో దాన్ని జర్మన్ యోధుల సంఘానికిచ్చాడు. యాత్రికులు దాదాపు రారు. తాటిచెట్ల తోవ, సాదా రాతి గుడి. ఓడినవాళ్ల వైపు గుర్తు చూడాలంటే ఇక్కడికే రావాలి.

కెథడ్రల్‌లో కాన్‌స్టన్స్ సమాధి దగ్గర గైడ్‌లు రెండు ముక్కలు చెప్పి ఫ్రెడరిక్ దగ్గరికి వెళ్లిపోతారు. నాకది న్యాయంగా అనిపించలేదు. 1197లో భర్త పోగానే జర్మన్లను దూరం పెట్టి, తన తండ్రి రాజ్యాన్ని తన పేరుతో నడిపి, మూడేళ్ల కొడుకును 1198 మేలో సిసిలీ రాజుగా నిలబెట్టింది. నవంబర్‌లో చనిపోతూ పోప్‌ను ఆ పిల్లవాడికి సంరక్షకుడిగా పెట్టింది. తండ్రి ముఖం చూడని ఈ కూతురే రోజర్ రాజ్యాన్ని ఆయన రక్తంలో నిలిపింది. గైడ్‌ను పెట్టుకుంటే ఆమె గురించి ప్రత్యేకంగా అడగండి.

తిండి విషయంలో శాకాహారులకు పలెర్మోలో టెన్షన్ అక్కర్లేదు. శనగపిండితో చేసే పనెల్లె బ్రెడ్‌లో పెట్టి ఇస్తారు, వంకాయ కపొనాతా, పొద్దున బ్రియోష్‌తో గ్రనీతా. మందపాటి పిజ్జాలాంటి స్ఫించోనెలో చేప కలుపుతారు, అడిగి తినండి. బల్లారో చుట్టుపక్కల బంగ్లాదేశీ దుకాణాల్లో బియ్యం, పప్పు, పచ్చిమిర్చి దొరుకుతాయి. శ్రీలంక తమిళులు కూడా ఇక్కడ చాలామంది ఉన్నారు. నార్మన్ కొలువు వదిలి గుహలో తపస్సు చేసిందని చెప్పే సాంతా రొజాలియా గుడికి మోంతె పెల్లెగ్రీనో కొండమీదికి వాళ్లు భక్తిగా నడిచి వెళ్తారు. మాకు దారి చెప్పిన దుకాణం అక్క కూడా తమిళురాలే, పలెర్మోలో ఏ బస్సు నమ్మొచ్చో ఆమె చెప్పినంత బాగా ఎవరూ చెప్పలేదు.

తీరిక తక్కువుంటే చాపెల్, మార్తోరానా, కెథడ్రల్ సమాధులు, చెఫలూ. ఇంకాస్త ఉంటే మొన్రెయాలె, జీసా. కథ మొదలు చూడాలనుకుంటే తిరుగు ప్రయాణంలో నేపుల్స్ పురావస్తు మ్యూజియంలో ఆగండి, మొదటి రోజర్ రాతి సమాధి అక్కడుంది. 1133–34లో పలెర్మోలో రోజర్ కోసం కుట్టిన ఎర్రని అంగీ, ఒంటెలమీద దూకే సింహాలతో, అంచున అరబిక్ అక్షరాలతో, ఇప్పుడు వియన్నాలో హాఫ్‌బుర్గ్ రాజకోశంలో ఉంది. ఆ ఊరి మీదుగా విమానం దొరికితే ఒక పూట దానికి కేటాయించండి.